చంద్రుడి మీద పేర్లు చదవడం ఎలా? తదియ నుంచి చతుర్దశి దాకా బిలాల బాట

పౌర్ణమి నాడు టెలిస్కోప్ బయటికి తీయకండి. కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు అదే, నేనూ చేశాను. నిండు చంద్రుడు కదా, అన్నీ కనిపిస్తాయనుకున్నాను. కంట్లోకి టార్చిలైటు కొట్టినట్టయింది తప్ప ఒక్క గుంట కూడా సరిగ్గా తెలియలేదు. బిలం, అంటే ఆ గుంట (క్రేటర్), మన కంటికి ఆనేది నీడ వల్ల. పౌర్ణమి నాడు ఎండ మన వెనక నుంచి వెళ్లి చంద్రుడి ముఖం మీద తిన్నగా పడుతుంది, నీడలన్నీ గోడల కిందికి దూరిపోతాయి. అదే గుంటను సూర్యుడు అప్పుడే పొడుస్తున్న సమయంలో చూడండి. ఒక గోడ తెల్లగా మెరుస్తూ, రెండో గోడ నీడ నేల మీద పొడుగ్గా సాగుతూ, లోతు చేత్తో తడిమినట్టు తెలుస్తుంది.

చంద్రుడి మీద వెలుగు, చీకటి కలిసే చోటును ఇక్కడ 'తెల్లవారే గీత' అంటాను. శుక్ల పక్షంలో ఆ గీత మీద ఉన్నవాళ్లకు అప్పుడే తెల్లవారుతుంది. ఈ పద్ధతి మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. రోజూ గీత ఎక్కడుందో చూసుకుని, ఆ చుట్టుపక్కల ఉన్న నాలుగు బిలాలు పట్టుకుని, అవి ఎవరి పేర్లో తెలుసుకుంటే చాలు. పేర్ల జాబితా బట్టీ పట్టే పని లేదు. అష్టమి దాకా వచ్చేసరికి ఆ పేర్లు వాటంతట అవే ఒక కథ చెప్పడం మొదలుపెడతాయి.

1. ఏ పరికరం సరిపోతుంది

మామూలు కంటికి చంద్రుడి మీద సుమారు 110 కిలోమీటర్ల కంటే చిన్నవి విడిగా తెలియవు. పది రెట్లు పెద్దది చేసే బైనాక్యులర్‌తో లెక్క ప్రకారం 11 కిలోమీటర్లవి కూడా తెలియాలి. చెయ్యి వణుకుతుంది కాబట్టి నిజంగా తేలేది 40, 50 కిలోమీటర్ల బిలాలే. ట్రైపాడ్ మీద బిగించినా, కనీసం మోచేతులు గోడకు ఆనించినా తేడా వెంటనే తెలుస్తుంది. 10×50 బైనాక్యులర్ ఉంటే ఇక్కడ చెప్పే పెద్ద బిలాల్లో ఎక్కువ భాగం దొరుకుతాయి. 80 నుంచి 100 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోప్ ఉంటే అన్నీ దొరుకుతాయి.

టెలిస్కోప్‌లో మొదట తక్కువ పవర్ ఐపీస్‌తో (కన్ను ఆనించి చూసే కటకం) మొత్తం చంద్రుణ్ణి చూసి, తర్వాతే పెంచండి. వెలుగు ఎక్కువనిపిస్తే మూన్ ఫిల్టర్ పెట్టుకోండి. అది లేకపోతే పక్కన చిన్న దీపం వెలిగించి ఉంచినా కంటికి హాయిగా ఉంటుంది. చంద్రుడు దిగంతం దగ్గర ఉన్నప్పుడు గాలి పొరల వల్ల బొమ్మ నీళ్లలో కదిలినట్టు కదులుతుంది, బాగా పైకొచ్చాక చూడండి.

పటం తప్పనిసరి. వర్చువల్ మూన్ అట్లాస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తేదీ, సమయం ఇస్తే ఆ క్షణానికి గీత ఎక్కడుందో గీసి చూపిస్తుంది. చంద్రుడి చుట్టూ తిరిగే ఎల్‌ఆర్‌ఓ వ్యోమనౌక తీసిన ఫొటోలతో చేసిన క్విక్‌మ్యాప్ ఇంకా వివరంగా ఉంటుంది. కానీ రాత్రి ఐపీస్ దగ్గర దాన్ని తెరిస్తే వివరం ఎక్కువై తికమకపడతారు. మర్నాడు కూర్చుని చూసుకోవడానికి అది బాగుంటుంది.

2. దిక్కులు కుదుర్చుకోవడం

ఈ మెట్టు దాటేసి నేను ఒక సాయంత్రమంతా ఒకే బిలం కోసం వెతికాను. పటంలో కుడివైపున్నది నా టెలిస్కోప్‌లో ఎడమవైపుంది!

ఏ బిలాన్ని వెతికే ముందైనా మేర్ క్రిసియంను పట్టుకోండి. తదియ, చవితి నాటి నెలవంక మీద విడిగా, కోడిగుడ్డు ఆకారంలో కనిపించే నల్లటి మచ్చ అది. చంద్రుడి మీది ఇలాంటి నల్లటి మైదానాలనే 'మేర్', అంటే సముద్రం, అంటారు. చంద్రుడి తూర్పు అంచు అటువైపే. గుంటలు ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి ఉన్న వైపు దక్షిణం, నల్లటి మైదానాలు ఎక్కువగా ఉన్న వైపు ఉత్తరం. ఈ మూడూ తెలిస్తే చంద్రుడు ఎంత వాలి ఉన్నా పటాన్ని తిప్పి సరిపెట్టుకోవచ్చు. భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్నవాళ్లకు ఇది మరీ అవసరం. అక్కడ సాయంత్రం నెలవంక పడవలా పడుకుని ఉంటుంది, ఉత్తరం పైన ఉండదు.

అద్దాలతో పనిచేసే న్యూటోనియన్ టెలిస్కోప్‌లో బొమ్మ తలకిందులవుతుంది. పటాన్ని తిప్పి పట్టుకుంటే సరి. కటకాల టెలిస్కోప్‌కు మూల అద్దం తగిలించి చూస్తే మాత్రం బొమ్మ నిలువుగానే ఉండి కుడి ఎడమలు మారతాయి. అప్పుడు పటాన్ని ఎంత తిప్పినా కుదరదు, ప్రోగ్రామ్‌లో అద్దపు బొమ్మను ఎంచుకోవాలి.

ఇంకొక చిక్కు. 1961కి ముందు పటాల్లో చంద్రుడి తూర్పు పడమరలు ఇప్పటికి తిరగేసి ఉండేవి. అందుకే 'తూర్పు సముద్రం' అనే అర్థమున్న మేర్ ఓరియెంటాలే ఇప్పుడు పడమటి అంచున ఉంది. పాత పుస్తకం చేతిలో ఉంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

3. తిథితో లెక్క కట్టడం

మనకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం. తెల్లవారే గీత కూడా చంద్రుడి మీద తిథికి దాదాపు 12 డిగ్రీల చొప్పునే పడమరకు జరుగుతుంది. కాబట్టి ఏ బిలానికి ఎప్పుడు తెల్లవారుతుందో తిథితోనే చెప్పేయొచ్చు.

పూర్తయిన తిథుల సంఖ్యను 12తో గుణించి, అందులోంచి 90 తీసేయండి. వచ్చేది గీత ఉన్న రేఖాంశం. మైనస్ వస్తే తూర్పు, ప్లస్ వస్తే పడమర. ఉదాహరణకు నవమి ముగిసే వేళకు 9×12 అంటే 108, అందులో 90 పోతే 18. గీత 18 డిగ్రీల పడమర దగ్గరుంది. కొపర్నికస్ బిలం 20 డిగ్రీల పడమరలో ఉంది, అంటే దశమి మొదట్లోనే దానికి తెల్లవారుతుంది.

రెండు జాగ్రత్తలు. పంచాంగంలో ఆ రోజుకు రాసేది సూర్యోదయానికి ఉన్న తిథి, మీరు చూసేది సాయంత్రం. తిథి ఎన్ని గంటలకు మారుతుందో కూడా చూసుకోండి. రెండోది, చంద్రుడు కొద్దిగా తల ఊపుతూ తిరుగుతాడు కాబట్టి ఈ లెక్క సగం రోజు అటూ ఇటూ అవుతుంది. ఒక రోజు దొరక్కపోతే మర్నాడు చూడండి, నీడలు కాస్త తగ్గినా బిలం ఎక్కడికీ పోదు.

4. తదియ: తన పేరు తానే పెట్టుకున్నాయన

తదియ నాడు నెలవంక మధ్యలో, గీతకు ఆనుకుని, 130 కిలోమీటర్ల పెద్ద బిలం లాంగ్రెనస్ కనిపిస్తుంది. మెట్లు మెట్లుగా జారిన గోడలు, మధ్యలో శిఖరాలు.

మైకేల్ వాన్ లాంగ్రెన్ 1645లో చంద్రుడి పటం అచ్చేసి, అందులో రాజులకు, యువరాణులకు, ఆశ్రయమిచ్చిన పెద్దలకు పేర్లు పంచిపెట్టాడు. అతిపెద్ద నల్లటి మైదానాన్ని స్పెయిన్ రాజు ఫిలిప్‌కు రాసిచ్చాడు. పనిలో పనిగా ఒక మంచి బిలం తనకూ ఉంచుకున్నాడు. చంద్రుడి కొండల మీద వెలుగు పడే క్షణాన్ని బట్టి సముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్కకట్టాలన్నది ఆయన ఆలోచన, పేర్లు అందుకోసం కావాలి. రాజుల పేర్లు తర్వాత తుడిచిపెట్టుకుపోయాయి, ఆయన పేరు మాత్రం ఆయన పెట్టుకున్న చోటే మిగిలింది.

రెండేళ్లకు, 1647లో, గ్డాన్స్క్ నగరంలో బీరు తయారీ కుటుంబంలో పుట్టిన హెవేలియస్ ఇంకో పటం వేశాడు. ఆయన మనుషుల పేర్లు వదిలేసి భూమ్మీది కొండల, సముద్రాల పేర్లు పెట్టాడు. ఆల్ప్స్, అపెనైన్స్ అని చంద్రుడి మీద ఇప్పటికీ వాడే పేర్లు ఆ పటం నుంచి వచ్చినవే.

మనం ఇప్పుడు వాడే పద్ధతి 1651 నాటిది. ఇటలీలో బొలోన్యాకు చెందిన జెస్యూట్ మతగురువు రిచోలీ తన పుస్తకంలో వేసిన పటం అది. బొమ్మ గీసింది ఆయన సహచరుడు గ్రిమాల్డి. సముద్రాలకు వాతావరణం, మనోభావాల పేర్లు, బిలాలకు ఖగోళ శాస్త్రజ్ఞుల, తత్వవేత్తల పేర్లు అని రిచోలీ నిర్ణయించాడు. ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో కూడా ఆలోచించి పెట్టాడు. ఆ పక్కపక్క కూర్పే మనకు దారి చూపిస్తుంది.

5. పంచమి, షష్ఠి

ఈ రెండు రోజులు త్వరగా దాటేద్దాం. పంచమి నాడు ట్రాంక్విలిటీ సముద్రం తూర్పు భాగంలో ఆర్యభట బిలం వెతకండి. 22 కిలోమీటర్లది, లావాలో సగం మునిగి విల్లులా ఒక వంపు మాత్రమే మిగిలింది. దీన్ని 1979 దాకా మాస్కెలిన్ ఇ అనేవారు.

షష్ఠి నాడు థియోఫిలస్, సిరిల్లస్, కాథరీనా అని మూడు పెద్ద బిలాలు వరుసగా ఉంటాయి, బైనాక్యులర్‌లోనే అదిరిపోతాయి. ముగ్గురూ అలెగ్జాండ్రియాకు చెందిన క్రైస్తవ ప్రముఖులు, ఖగోళ శాస్త్రజ్ఞులు కారు. వాటికి వాయవ్యంగా వంకరటింకరగా ఉన్న చిన్న బిలం హైపేషియా. ఆమె అదే నగరంలో గణితం, ఖగోళం బోధించింది, 415లో అల్లరిమూక చేతిలో చనిపోయింది. అప్పుడు అక్కడ బిషప్ సిరిల్. ఆ ఇద్దరినీ చంద్రుడి మీద కూడా ఇరుగుపొరుగును చేయడం చూస్తే నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది.

6. అష్టమి: గురుశిష్యుల వరుస

నెలలో ఒక్క సాయంత్రమే ఖాళీ దొరుకుతుందంటే అది అష్టమికి పెట్టుకోండి. పొద్దుగుంకేసరికి చంద్రుడు ఆకాశంలో ఎత్తున ఉంటాడు, అర్ధరాత్రి దాకా సమయం ఉంటుంది. సగం చంద్రుడు, గీత సరిగ్గా మధ్యలో.

గీత వెంబడి చంద్రుడి మధ్య నుంచి కాస్త దక్షిణానికి రండి. మొదట 150 కిలోమీటర్ల పైచిలుకు వెడల్పుతో టోలెమీయస్ వస్తుంది. నేల పలకలా చదునుగా ఉంటుంది, మధ్యలో శిఖరం లేదు. దాని కింద ఆనుకుని ఆల్ఫోన్సస్, అందులో ఒక చిన్న శిఖరం. దాని కింద ఆర్జాచెల్, గోడలు పదునుగా, శిఖరం నిటారుగా. పైనుంచి కిందికి వస్తుంటే బిలాలు వయసులో చిన్నవవుతూ వస్తాయి. అరిగిపోయిన గుంట ఎలా ఉంటుందో, కొత్తది ఎలా ఉంటుందో ఒకే చూపులో తెలుస్తుంది.

ఇప్పుడు పేర్లు. టోలెమీ రెండో శతాబ్దంలో భూమి మధ్యలో ఉన్న విశ్వాన్ని లెక్కలతో సహా రాసిపెట్టాడు. ఆర్జాచెల్ అంటే అల్ జర్కాలి, పదకొండో శతాబ్దపు టొలీడో నగరంలో గ్రహాల పట్టికలు తయారుచేసినవాడు. ఆల్ఫోన్సస్ అంటే కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో, పదమూడో శతాబ్దంలో తన పండితులతో కొత్త పట్టికలు చేయించాడు. యూరప్ రెండు మూడు వందల ఏళ్లు వాటితోనే లెక్కలు వేసుకుంది.

ఇంకా కిందికి రండి. పుర్బాక్, రెజియోమోంటానస్, వాల్తర్. పుర్బాక్ అంటే వియన్నాలో పాఠాలు చెప్పిన పోయెర్‌బాక్, ఆయన టోలెమీ గ్రంథానికి సంగ్రహం రాయడం మొదలుపెట్టి 1461లో చనిపోయాడు. మిగతాది పూర్తిచేసింది ఆయన శిష్యుడు రెజియోమోంటానస్. అసలు పేరు యోహానెస్ ముల్లర్, సొంతూరు పేరును లాటిన్‌లోకి మారిస్తే ఈ పొడుగు పేరు వచ్చింది. ఆయన శిష్యుడు, అండగా నిలిచినవాడు న్యూరెంబర్గ్ వ్యాపారి వాల్తర్. గురువు పోయాక కూడా ఏళ్ల తరబడి గ్రహాలను కొలిచి రాసుకున్నాడు. అచ్చయిన ఆ సంగ్రహాన్ని చదివినవాడు, వాల్తర్ కొలతలను వాడుకున్నవాడు కొపర్నికస్. ఆయన ఇంకా చీకట్లోనే ఉన్నాడు, ఆయనకు తెల్లవారడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

నాకు ఈ సంగతి తెలిసింది చూడటం మొదలుపెట్టిన చాలా నెలలకు. అప్పటిదాకా అవి ఆరు గుంటలు. ఆ తర్వాత పైనుంచి కిందికి చూపు జారిస్తే పదమూడు వందల ఏళ్ల పాఠం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లినట్టుంటుంది.

అదే రోజు తీరిగ్గా చేయాల్సిన పని ఒకటుంది. ఎక్కువ పవర్ పెట్టి టోలెమీయస్ నేలను గంటసేపు చూడండి. గీత చంద్రుడి నడుము దగ్గర గంటకు సుమారు 15 కిలోమీటర్లు జరుగుతుంది, మెల్లగా తొక్కే సైకిలు వేగం. మొదట నేలంతా సిరా పోసినట్టు నల్లగా ఉంటుంది. తర్వాత తూర్పు గోడలోని సందుల గుండా వెలుగు చీలికలు లోపలికి వస్తాయి, వాటి మధ్య గోడ కొమ్ముల నీడలు ముళ్లలా నేల మీదికి సాగుతాయి. కాసేపు పోయి చూస్తే ముళ్లు పొట్టివవుతాయి. చివరికి 9 కిలోమీటర్ల చిన్న గుంట అమోనియస్ నేల మీద చుక్క పెట్టినట్టు బయటపడుతుంది. ఫొటోలో ఇవేవీ జరగవు.

పుర్బాక్ పక్కన, చీకటి అంచులో, కొన్ని అష్టముల నాడు నాలుగైదు గంటల పాటు వెలుగుతో గీసిన ఇంటూ గుర్తు కనిపిస్తుంది. పుర్బాక్, లా కాయ్, బ్లాంకీనస్ బిలాల గోడల పైఅంచులకు మాత్రమే ఎండ తగిలినప్పుడు ఏర్పడే ఆకారం అది. బ్లాంకీనస్ అంటే రెజియోమోంటానస్‌తో ఉత్తరాలు నడిపిన ఫెరారా పండితుడు బియాంకీని. మిత్రుల్ని కూడా దగ్గరే ఉంచారు.

ఆల్ఫోన్సస్ గురించి ఇంకో మాట. 1958లో కోజిరెవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త దాని శిఖరం దగ్గర వాయువు వెలువడిందని చెప్పడంతో అందరి దృష్టీ దాని మీద పడింది. 1965 మార్చి 24న అమెరికా వ్యోమనౌక రేంజర్ 9 ఫొటోలు పంపుతూ పంపుతూ వెళ్లి అందులోనే కూలింది.

7. నవమి, దశమి: టైకో, క్లేవియస్, కొపర్నికస్

నవమికి దక్షిణాన టైకో మేలుకుంటుంది. 85 కిలోమీటర్ల వెడల్పు, వయసు సుమారు 10.8 కోట్ల ఏళ్లు. చంద్రుడి లెక్కలో నిన్న మొన్నటిది. దాని కింద 225 కిలోమీటర్ల క్లేవియస్. అందులో చిన్న బిలాలు వంపుగా, ఒకదాని తర్వాత ఒకటి సైజు తగ్గుతూ ఉంటాయి. ఎన్ని లెక్కపెట్టగలిగితే మీ పరికరం అంత మంచిది. క్లేవియస్ ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్‌కు లెక్కలు సరిచూసి, సమర్థించి రాసిన జెస్యూట్ గణితవేత్త. 2020లో ఈ బిలం దగ్గరే ఎండ పడే నేలలో నీటి అణువులు ఉన్నట్టు సోఫియా విమాన టెలిస్కోప్ పట్టుకుంది.

దశమికి కొపర్నికస్. 93 కిలోమీటర్ల వెడల్పు, 3.8 కిలోమీటర్ల లోతు. నీడల వల్ల పాతాళంలా కనిపిస్తుంది గానీ 24 సెంటీమీటర్ల పళ్లేనికి 1 సెంటీమీటరు లోతున్నట్టే. చుట్టూ ఖాళీ మైదానం కాబట్టి దీన్ని మించిన చూడముచ్చటైన బిలం లేదని నా అభిప్రాయం. విచిత్రమేమిటంటే పేరు పెట్టిన రిచోలీ సూర్యుడు మధ్యలో ఉన్నాడన్న వాదాన్ని ఒప్పుకోలేదు. తన పుస్తకంలో భూమి కదలిక మీద 126 వాదాలు పేర్చి, 49 అనుకూలమనీ 77 వ్యతిరేకమనీ లెక్క తేల్చాడు. టైకో పద్ధతికి దగ్గరగా ఉన్నదే ఆయన మెచ్చుకున్నాడు. అయినా కొపర్నికస్‌కు ఇంత గొప్ప బిలం ఇచ్చి, తుఫానుల మహాసముద్రం ఒడ్డున పెట్టాడు. గౌరవమో, వెక్కిరింపో మీరే తేల్చుకోండి.

8. ఏకాదశి నుంచి చతుర్దశి: పేర్లు పెట్టినవాళ్లు

ఏకాదశికి కెప్లర్ వస్తుంది, 30 కిలోమీటర్లది, చుట్టూ తెల్లటి చారలు. దక్షిణంగా దిగితే గాసెండి. 1631లో సూర్యుడి మీదుగా బుధుడు దాటతాడని కెప్లర్ ముందే లెక్కకట్టి చెప్పి, అది చూడకుండానే పోయాడు. ఆ నవంబర్ 7న పారిస్‌లో దాన్ని చూసినవాడు గాసెండి.

ద్వాదశికి అరిస్టార్కస్. కొపర్నికస్ కంటే పద్దెనిమిది వందల ఏళ్ల ముందే సూర్యుడు మధ్యలో ఉన్నాడన్నవాడు. 40 కిలోమీటర్ల ఈ బిలం ఎంత తెల్లగా ఉంటుందంటే, 1787లో విలియం హెర్షెల్ చంద్రుడి చీకటి భాగంలో దీని మెరుపు చూసి అగ్నిపర్వతం అనుకున్నాడు. దీని పక్కనున్న హెరొడోటస్‌కు వాయవ్యంగా 10 కిలోమీటర్ల చిన్న బిలం ఉంది, దాని పేరు రామన్.

త్రయోదశికి గెలీలియో కోసం వెతకండి. నిరుత్సాహపడతారు. టెలిస్కోప్‌తో మొదట చంద్రుడి కొండల ఎత్తు లెక్కకట్టిన మనిషికి 15 కిలోమీటర్ల అనామక గుంట దక్కింది. రిచోలీ పటంలో ఆ పేరు దగ్గర్లోని రైనర్ గామా అనే తెల్లటి మచ్చది. అది బిలమే కాదు. తర్వాతివాళ్లు పేరును ఈ గుంటకు మార్చారు.

చతుర్దశికి పడమటి అంచున నల్లటి నేలతో గ్రిమాల్డి, దాని పక్కనే రిచోలీ. ఇద్దరూ తమ పేర్లు తామే పక్కపక్కన రాసుకున్నారు. కొంచెం ఉత్తరంగా హెవేలియస్ కూడా ఉన్నాడు. తూర్పు అంచున ఉన్న లాంగ్రెన్ తప్ప, పటాలు వేసినవాళ్లంతా ఆ మూలన చేరారు.

మర్నాడు పౌర్ణమి. టైకో నుంచి బయల్దేరిన తెల్లటి చారలు చూడాలంటే ఆ ఒక్క రోజే మంచిది, కొన్ని 1,500 కిలోమీటర్లు దాటి వెళ్తాయి. బైనాక్యులర్ చాలు.

9. పటం మీద పేరు చదివేటప్పుడు

పేరు పక్కన ఒక అక్షరం ఉంటే, ఉదాహరణకు థెబిట్ ఎ అని, అది పెద్ద బిలానికి అనుబంధం. పటంలో ఆ అక్షరాన్ని పెద్ద బిలం ఉన్న వైపుకు జరిపి రాస్తారు, తల్లి ఎటుందో దాన్ని బట్టి తెలుస్తుంది. ముందు పొడి అక్షరం ఉంటే ఆ ఇంటిపేరుతో ఇంకొకరున్నారని అర్థం. హెర్షెల్ అంటే విలియం, టోలెమీయస్‌కు సరిగ్గా ఉత్తరాన. జె. హెర్షెల్ ఆయన కొడుకు జాన్, బిలం తండ్రిదానికంటే మూడు రెట్లు పైనే పెద్దది. సి. హెర్షెల్ విలియం చెల్లెలు కరొలిన్, ఎన్నో తోకచుక్కలు కనిపెట్టిన ఆమెకు 13 కిలోమీటర్ల చిన్న గుంట.

ఇప్పుడు పేర్లు ఖరారు చేసేది 1919లో ఏర్పడిన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య. చనిపోయి కనీసం మూడేళ్లయినవారి పేర్లే పెడతారు. డబ్బు తీసుకుని బిలానికి మీ పేరు పెడతామని ఎవరైనా సర్టిఫికెట్ అమ్మితే ఆ కాగితానికి విలువ లేదు.

నోటుపుస్తకంలో రోజుకు ఒక బిలమైనా గీయండి. బొమ్మ బాగా రానక్కర్లేదు, నీడ ఎంత దూరం వచ్చిందో గుర్తు పెట్టి, పక్కన తిథి, గంట రాయండి. రెండు వారాల తర్వాత కృష్ణ పక్ష అష్టమి నాడు, అర్ధరాత్రి దాటి చంద్రుడు పైకొచ్చాక, అదే టోలెమీయస్ వరుసను మళ్లీ చూడండి. ఈసారి వాళ్లకు పొద్దుగుంకుతోంది, నీడలు అటువైపు గోడ నుంచి బయల్దేరతాయి. రెండు బొమ్మలూ పక్కన పెట్టుకుంటే ఏ గోడ ఎత్తో, ఏది పల్లమో అప్పుడు పూర్తిగా తేలుతుంది.